గల్లా కోసం నేర్చిన హిందీ

మా దుకాణంలో గల్లా పెట్టె వెనక ఒక చిన్న పరుపు ఉంటుంది. దాని మీద ఎవరు కూర్చుంటే ఇంట్లో వాళ్ళ మాట చెల్లుతుంది. ఎవరి పెళ్ళికి ఏ చీర పెట్టాలి, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, ఎవరింటికి భోజనానికి వెళ్ళాలి, ఎవరింటికి వెళ్ళకూడదు, అన్నిటికీ తీర్పు ఆ పరుపు మీది నుంచే వస్తుంది. నేను రాజమండ్రి పక్క పల్లెటూరి నుంచి బస్తర్‌లోని కోంటాకి కోడలిగా వచ్చేనాటికి అక్కడ మా అత్తగారు కూర్చుని ఉన్నారు. మామగారు సరుకు కొనడానికి తిరిగేవారు. మా ఆయన, మరిది బండి తీసుకుని మరైగూడ, గొల్లపల్లి, కిష్టారం వైపు సంతలకి పోయేవారు. దుకాణం మాత్రం అత్తగారిదే. నేను పెద్దకోడల్ని, పైగా డిగ్రీ చదివినదాన్ని. ఆవిడ తరవాత ఆ పరుపు నాదేనని కాపురానికి వచ్చిన కొత్తలోనే మనసులో రాసిపెట్టుకున్నాను.

ఆ రోజు అనుకున్నదానికంటే ముందే వచ్చేట్టు కనిపించింది. అత్తగారికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. ఒకామె ఉప్పు అడిగితే సబ్బుపొడి ఇచ్చారు. ఆమె మరుసటి సంతకి ఆ పొట్లం విప్పకుండా తెచ్చి గల్లా ముందు పెట్టి నిలబడింది. దాంతో ఇంట్లో రెండు విషయాలు తేలాయి. ఒకటి, ఆవిడ కళ్ళకి ఆపరేషన్ చేయించాలి. రెండు, ఇక గల్లా మీద ఇంకొకరు కూర్చోవాలి.

ఆ ఇంకొకరు నేనైనా కావాలి, మా తోటికోడలైనా కావాలి. ఆమెది మరైగూడ. ఇక్కడి గిరిజనులైన దోర్ల పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ కలిపి మాట్లాడుతుంది. మాట ఏ భాషలో మొదలుపెట్టిందో, ఏ భాషలో ముగించిందో ఆమెకే తెలియదు. పదో తరగతి దగ్గర చదువు మానేసింది. నాకంటే చిన్నది, నాకంటే తరవాత వచ్చింది. ఏ విధంగా చూసినా నాకు పోటీ కాదనే నా ధీమా.

అత్తగారు కూడా నన్ను కాదనలేదు. "పెద్దదానివి, నీకే ఇయ్యాలె. కానీ ఇక్కడోళ్ళతోని మాట్లాడ్డం రావాలె గదా. మూగదాని లెక్క కూసుంటే బేరమెట్ల అయితది?" అన్నారు.

దానికి మా ఆయన దగ్గర వెంటనే మందు దొరికింది. "హిందీ వస్తే చాలు. రాష్ట్రమే హిందీ రాష్ట్రం. దానికి ఫోన్‌లో యాపులున్నయ్. ఇప్పుడు అందరూ ఫోన్‌లోనే నేర్చుకుంటున్నరు," అని తన పాత ఫోన్ నా చేతికిచ్చారు. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది. చదువుకి అద్దంతో పనేముందన్నారు.

ఆ యాప్‌లో ఒక ఆడగొంతు ఉండేది. నేనేం చెప్పినా పొంగిపోయేది. ఒక్క వాక్యం సరిగ్గా పలికితే చాలు, "బహుత్ బఢియా" అని మెచ్చుకునేది. అత్తవారింటికి వచ్చాక నన్ను నోరారా పొగిడిన మొదటి మనిషి ఆవిడే కాబట్టి నాకు ఆవిడ మీద వల్లమాలిన అభిమానం ఏర్పడింది. చెవుల్లో తీగలు పెట్టుకుని పప్పు రుబ్బేదాన్ని, హిందీ గొణుక్కుంటూ బట్టలు ఆరేసేదాన్ని. పక్కింటివాళ్ళు నాకు గాలి సోకిందేమోనని మా తోటికోడల్ని చాటుగా అడిగారట. ఆమె కాదని చెప్పిందో లేదో నాకు తెలియదు.

ఆ పాఠాల్లో నేను నేర్చుకున్నవి తక్కువేం కాదు. విమానాశ్రయంలో సామాను కనబడకపోతే ఎవరిని అడగాలో నేర్చుకున్నాను. మాకు రైలు చూడాలంటేనే బస్సులో గంటలకొద్దీ పోవాలి. హోటల్లో కిటికీ పక్క బల్ల కావాలని మర్యాదగా కోరడం నేర్చుకున్నాను. మేం టిఫిన్ తెచ్చుకునే హోటల్‌కి అసలు కిటికీయే లేదు. ఒకసారి నేను పలికేది పరీక్ష పెడుతున్న సమయంలో నా గొంతుకి బదులు కుక్కర్ కూత వేసింది. ఆ కూతకి కూడా "బహుత్ బఢియా" అంది. అప్పుడే నాకు కాస్త అనుమానం రావాల్సింది. కానీ పొగడ్త రుచి మరిగిన మనిషికి అనుమానాలు త్వరగా రావు.

హిందీ వచ్చిన కొద్దీ నాకు ఇంట్లోవాళ్ళ హిందీ వినబుద్ధయ్యేది కాదు. వాళ్ళది బజారు హిందీ. ఆడా మగా తేడా లేదు, చిన్నా పెద్దా లేదు, మధ్యలో ఇక్కడి హల్బీ భాష దూరిపోతుంది. మా ఆయన ఎవరితోనో ఫోన్‌లో "మేరేకు మాల్ హోనా" అని సరుకు అడుగుతుంటే ఆయన పూర్తిచేసేదాకా ఆగి, అది ఎలా అనాలో చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన హిందీ ఫోన్లన్నీ వీధిలోకి వెళ్ళి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నా చదువు ఫలిస్తోందనుకున్నాను.

చివరికి చింతపండు కాలంలో ఒక సంత రోజున అత్తగారు నన్ను గల్లా మీద కూర్చోమన్నారు. ఆవిడ లోపలి గదిలో మంచం మీద కూర్చుని చెవులు ఇటు పెట్టారు. నేను తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ పరుపు మెత్తగా ఉంటుందనుకున్నాను గానీ గట్టిగానే ఉంది. అయినా అత్తగారిలాగే నిటారుగా కూర్చున్నాను.

కాసేపటికి దోర్ల ఆడవాళ్ళు కొందరు మాకు అమ్మడానికి చింతపండు బుట్టలతో వచ్చి గుమ్మం ముందు దించారు. 'కొత్తవారితో సంభాషణ' అన్న పాఠం నాకు కంఠతా వచ్చు. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "నమస్తే. ఆప్ కా శుభ్ నామ్ క్యా హై?" అని ముందున్నామెని అడిగాను. తమరి శుభనామం ఏమిటని. ఆమె వెనక్కి తిరిగి, నేను ఇంకెవర్నైనా అడిగానేమోనని చూసింది. ఎవరూ లేరు. "ఆప్ కిస్ గావ్ సే ఆయీ హై?" అన్నాను. ఏ ఊరి నుంచి వచ్చారని. ఆమె కొంగు సర్దుకుంది. "ఆప్ కే పరివార్ మే కిత్‌నే సదస్య్ హై?" అన్నాను. మీ కుటుంబంలో ఎందరు సభ్యులున్నారని. యాప్‌లో అది స్నేహం పెంచుకోవడానికి అడిగే ప్రశ్న. ఈ చుట్టుపక్కల ఆ ప్రశ్నని స్నేహం కోసం అడిగినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరని తరవాత తెలిసింది.

నాలుగో వాక్యం గుర్తురాలేదు. చూసుకుందామని ఫోన్ ఎత్తి కళ్ళ ముందు పెట్టుకున్నాను. అంతే, వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకున్నారు. దించిన బుట్టలు మళ్ళీ నెత్తికి ఎత్తుకున్నారు. ఒకామె మాత్రం మర్యాదకి, "మల్ల వస్తం" అని తెలుగులో చెప్పింది. నన్ను చూసి కాదు, అత్తగారు ఉన్న గది తలుపు చూసి. ఆ రోజంతా మా దుకాణానికి చింతపండు రాలేదు. ఎదురు దుకాణంలో బుట్టలు పెట్టే చోటు చాల్లేదు.

అసలు తమాషా మర్నాడు జరిగింది. తలుపులు తీసేసరికి గుమ్మం ముందు జనం కూర్చుని ఉన్నారు. నా మనసు గాల్లో తేలింది. దగ్గరకెళ్ళి చూస్తే ఎవరి దగ్గరా బుట్ట లేదు, సంచీ లేదు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు ఉన్నాయి. సేఠానీ దుకాణంలో, అంటే మా అత్తగారి దుకాణంలో, ఆఫీసామె కూర్చుని పేర్లు రాసుకుంటోందని ఊళ్ళల్లోకి కబురు పోయిందట. భయపడినవాళ్ళు రాలేదు. పేరు రాయించుకోకపోతే బియ్యం ఆగిపోతాయేమోనని ఇంకా ఎక్కువ భయపడినవాళ్ళు వచ్చారు. ఒక ముసలాయన కార్డు గల్లా మీద పెట్టి, వేలిముద్ర కోసం బొటనవేలు చాచి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.  ఆయనకి ఏం చెప్పాలో నాకు ఏ భాషలోనూ తెలియలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మా తోటికోడలు లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దోర్లీలో రెండు ముక్కలు చెప్పింది. అందరూ నవ్వారు. ముసలాయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఆయన కూడా నవ్వి, ఆ వేలు వెనక్కి తీసుకుని, పొగాకు కొనుక్కుని వెళ్ళాడు. ఆమె వాళ్ళతో ఏం చెప్పిందని నేను ఇప్పటికీ అడగలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్తగారు తీర్పు చెప్పారు. "ఏం తప్పు మాట్లాడినవని కాదు కోడలా. తప్పు లేకుండ మాట్లాడినవ్, అదే భయం వాళ్ళకి. అంత చక్కటి హిందీ ఈడ ఎవరు మాట్లాడుతరు? సర్వేకి వచ్చినోళ్ళు, రేషన్ సాహెబులు, పోలీసు క్యాంపు నుంచి వచ్చినోళ్ళు. వాళ్ళు పేరడిగి పోతరు, వాళ్ళు పోయినంక ఏదో ఒకటి అయితది. ఒకరి పేరు ఎక్కుతది, ఒకరి పేరు పోతది. పైగా ఫోటో తీస్తివి." నేను ఫోటో తీయలేదు అత్తయ్యగారూ అన్నాను. "తీసినట్టే పట్టినవ్ గదా," అన్నారు. కళ్ళు కనబడని మనిషికి ఇదంతా ఎలా కనబడిందో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఫోన్‌లో నాకు బంగారు రంగు కప్పు ఒకటి వచ్చింది. 'కొత్తవారితో సంభాషణ' విజయవంతంగా పూర్తిచేసినందుకు అభినందనలట.

గల్లా మీదికి తోటికోడలు ఎక్కింది. ఆపరేషన్ అయ్యేదాకానే అన్నారు కాబట్టి నేను పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. ఆమె కూడా ఫోన్ తెచ్చుకుంది. బెల్లం డబ్బాకి ఆనించి సీరియల్ పెట్టుకునేది. వచ్చినవాళ్ళు బుట్ట దించి, వాళ్ళూ కాసేపు సీరియల్ చూసి, కోడలు పాత్ర ఏడిస్తే నాలుక చప్పరించి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాళ్ళు. అదీ ఫోనే, నాదీ ఫోనే. ఆమె ఫోన్ జనాన్ని కూర్చోబెట్టింది, నాది లేపి పంపించింది. చూస్తుంటే కడుపు మండిపోయేది.

నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. హిందీ కాకపోతే దోర్లీయే నేర్చుకుంటానని ఫోన్‌లో వెతికాను. ఆ యాప్‌లో జపాన్ భాష ఉంది, కొరియా భాష ఉంది, ఎక్కడో మంచుదేశంలో కొద్దిమంది మాట్లాడే భాష కూడా ఉంది. మా గుమ్మం ముందు మాట్లాడే భాష లేదు. వీడియోల్లో వెతికితే టోపీ పెట్టుకున్న కుర్రాడెవరో జలపాతం ముందు నిలబడి, దోస్తులారా, ఈ రోజు మనం ఎవరికీ తెలియని బస్తర్‌కి వచ్చాం అంటున్నాడు. నాకు తెలిసిన బస్తర్‌ని వాడి దగ్గర నేర్చుకునే ఓపిక లేక ఆపేశాను. అభిమానం చంపుకుని తోటికోడల్ని నేర్పమని అడిగాను. నేను ఒక్క దోర్లీ ముక్క పలకకముందే నవ్వింది. "అక్కా, నువ్వు బువ్వ తిన్నవా అని అడిగినా తాసీల్దారు అడిగినట్టే ఉంటది," అంది. ఆమె అన్నదాంట్లో ఎగతాళి ఎంతో, నిజం ఎంతో తేల్చుకోలేకపోయాను.

ఇంతలో ఆపరేషన్ దగ్గరపడింది. మా ఆరోగ్య కార్డు ఇబ్బంది లేకుండా చెల్లుతుందని ఎవరో చెబితే అత్తగారిని జగదల్‌పూర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దుకాణం వదిలి రావడానికి తోటికోడలికి కుదరదు కాబట్టి తోడు నేను వెళ్ళాను. పనిలేని మనిషి ఇంట్లో ఒకరుంటే ఎంత సౌకర్యమో మా ఆయన దారి పొడుగునా చెబుతూ వచ్చారు.

అక్కడ కిటికీ వెనక ఒకాయన కూర్చుని ఉన్నాడు. మా ఆయన వెళ్ళి, వంగి, "సాబ్, సాబ్" అన్నారు. ఆయన తలెత్తకుండానే "కల్ ఆనా" అన్నాడు. రేపు రమ్మని. మర్నాడు వెళ్ళాం. మళ్ళీ రేపు రమ్మన్నాడు. అత్తగారు స్వయంగా వెళ్ళి, సంతలన్నీ గెలిచిన తన బజారు హిందీతో బేరం మొదలుపెట్టారు. ఆయన కిటికీ రెక్క కాస్త దగ్గరకి లాక్కున్నాడు. ఆవిడ వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఎప్పుడూ పరుపు మీద నిటారుగా కూర్చునే మనిషి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళకి అడ్డం రాకుండా ముడుచుకుని కూర్చున్నారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు.

నేను కిటికీ దగ్గరకి వెళ్ళాను. నాకొచ్చిన పాఠాల్లో అక్కడికి పనికొచ్చేది ఒక్కటే, హోటల్లో సూప్ చల్లారిపోతే ఫిర్యాదు చేయడం. "క్షమా కీజియే. క్యా మై ఆప్ కే ప్రబంధక్ సే బాత్ కర్ సక్‌తీ హూ?" అన్నాను. క్షమించండి, మీ మేనేజరుతో మాట్లాడవచ్చునా అని. గొంతు పెంచలేదు. యాప్‌లో ఆవిడ కూడా ఎప్పుడూ గొంతు పెంచదు. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు, ఇస్త్రీ చీర చూశాడు, చేతిలో ఫోన్ చూశాడు. లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆప్ కహా పోస్టెడ్ హై?" అన్నాడు. ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారని. ఏం చెప్పాలో తోచక చిన్నగా నవ్వి ఊరుకున్నాను. దాంతో ఆయనకి నా హోదా ఇంకా పెరిగినట్టు అనిపించి ఉండాలి. కుర్చీ వచ్చింది. అత్తగారికి మంచం దొరికింది. ఆపరేషన్ తేదీ కూడా పడింది.

కంటికి కట్టు కట్టాక ఆవిడ మంచం మీద పడుకుని, "వాడ్ని ఏమన్నవే?" అని అడిగారు. చెప్పాను. "అంతేనా?" అన్నారు.  తరవాత, "ఇన్నేండ్ల సంది సాబ్ సాబ్ అనుకుంట తిరిగినం," అన్నారు. నేను ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దాను. ఆ క్షణంలో నాకు ఆవిడంటే నిజంగా ప్రేమ కలిగింది. ఇక గల్లా నాదేనని కూడా నమ్మకం కుదిరింది. అబద్ధమెందుకు, రెండూ ఒకేసారి కలిగాయి.

కోంటాకి తిరిగొచ్చి, కట్టు విప్పి, అద్దాలు పెట్టుకున్నాక అత్తగారు అందర్నీ కూర్చోబెట్టారు. "పెద్దకోడలు లేకపోతే నా కన్ను పోయేది," అన్నారు. నేను తల వంచుకున్నాను, నవ్వు కనబడకూడదని. "ఇగ ఆఫీసు పనులన్ని ఈమెయే చూస్తది. బ్యాంకు, తాసీలు, కరెంటు, పిల్లల బడి, ఎక్కడ పనున్నా ఈమెనే పంపుండ్రి. దుకాణం చిన్నది చూసుకుంటది," అన్నారు. మా ఆయన గర్వంగా నా వైపు చూశారు. నా నవ్వు ఆగిపోయింది.

అందరూ లేచి వెళ్ళాక ఆవిడ దగ్గర కూర్చుని ఉన్నమాట అడిగేశాను. "నాకు గల్లా కావాలి అత్తయ్యగారూ. అందుకోసమే నేర్చుకున్నాను. నాకు అదే కావాలి."

ఆవిడ కొత్త అద్దాల్లోంచి నన్ను సరిగ్గా చూశారు. కోపం లేదు, ఎగతాళి లేదు. "నువ్వు కూసుంటే మనోళ్ళు రారు. నువ్వు నిలబడితే అవతలోళ్ళు లేస్తరు. నేనేం చెయ్యాలె చెప్పు," అన్నారు.  

అప్పట్నుంచి నాకు క్షణం తీరిక లేదు. మా ఇంటి పనులయ్యాక పక్కింటి పనులు, ఆపైన దుకాణానికి వచ్చేవాళ్ళ పనులు. కార్డులో పుట్టిన ఏడాది తప్పు పడినవాళ్ళు, పింఛను ఆగిపోయినవాళ్ళు, ఆ రోజు బుట్టలెత్తుకుని పారిపోయినవాళ్ళు కూడా ఇప్పుడు గుమ్మంలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తారు. నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్తారు. నేను రెండు వాక్యాలు మాట్లాడితే పని కదులుతుంది. వాళ్ళకి నా మీద గౌరవం ఉంది. నాతో సీరియల్ చూడాలని మాత్రం ఎవరూ అనుకోరు.

మొన్న దుకాణం లైసెన్సు పేరు మార్పించాల్సి వచ్చింది. అత్తగారి పేరు తీసి తోటికోడలి పేరు ఎక్కించాలి. ఆఫీసు పని కాబట్టి సహజంగా నేనే వెళ్ళాను. సంతకం కోసం ఆమె కూడా వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను గుమాస్తా ముందు నిలబడి, మా దుకాణం ఎన్నాళ్ళుగా ఉన్నదీ, అత్తగారి ఆరోగ్యం ఎలా ఉన్నదీ, పేరు ఎందుకు మార్చాల్సి వస్తున్నదీ, ఒక్క తప్పు లేకుండా హిందీలో వివరించాను. ఎవరి పేరు మీద చేయాలని ఆయన అడిగాడు. తోటికోడలి పేరు చెప్పాను. స్పష్టంగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పాను, రాసుకోవడంలో పొరపాటు జరగకూడదని.

ఆయన రాసుకున్నాడు. కలం మూసి, నా వైపు మెచ్చుకోలుగా చూస్తూ, కోంటాలో ఇంత శుద్ధమైన హిందీ మొదటిసారి వింటున్నానన్నాడు. ఇంత తెలివైనవారు, దుకాణం మీరే ఎందుకు నడపకూడదు మేడమ్, అని అడిగాడు.

నాకు దుకాణం నడపడం రాదండీ, అన్నాను హిందీలో. ఆయన నమ్మేశాడు.